పాతాళం అంటే నరకం కాదు: పాత నిబంధనలో చావు తర్వాతి సంగతులు చదివే పద్ధతి

తెలుగు బైబిల్లో ‘పాతాళము’ అన్న మాట కనబడగానే మనకు ఏడు అధోలోకాలో, యముడి కొలువో, సలసల కాగే నూనె కొప్పెరలో గుర్తొస్తాయి. హీబ్రూలో అక్కడున్న మాట షెయోల్. అందులో మంటల్లేవు, భటుల్లేరు, చిట్టా విప్పే చిత్రగుప్తుడూ లేడు. ప్రాచీన యూదులు చావు తర్వాత ఏముందనుకున్నారో తెలియాలంటే సగం పని ఈ తెలుగు మాటల బరువు దించుకోవడమే. మిగతా సగం, వచనాలను అచ్చులో ఉన్న వరుసలో కాకుండా, పుట్టిన కాలం వరుసలో చదవడం.

దగ్గర పెట్టుకోవలసినవి: పాత తెలుగు అనువాదం ఒకటి, కథోలికుల తెలుగు బైబిలు ఒకటి (మక్కబీయుల గ్రంథాలు, సొలోమోను జ్ఞానగ్రంథం మొదటిదాంట్లో ఉండవు), ఒక నోటుబుక్కు. పేజీకి నాలుగు గళ్లు గీయండి: వచనం, ఎవరు ఎవరితో అన్నారు, ఏ కాలం, తెలుగు మాట వెనకున్న హీబ్రూ మాట. హీబ్రూ ప్రతితో సరిచూసేవాళ్లు ఒకటి గమనించాలి. చాలా కీర్తనల్లో అక్కడ శీర్షికకు కూడా వచన సంఖ్య ఉంటుంది. మన 6:5 అక్కడ 6:6. ఇది మరిచిపోతే గంటసేపు తప్పు వచనంతో కుస్తీ పడతారు.

మొదట షెయోల్. హీబ్రూ బైబిల్లో ఈ మాట సుమారు 65 సార్లు వస్తుంది. అన్నీ చూడక్కర్లేదు, ఆదికాండము 37:35తో మొదలుపెట్టండి. యోసేపును మృగం తినేసిందని యాకోబు నమ్మాడు. శవం లేదు, సమాధి లేదు. అయినా ఏడుస్తూ, కొడుకు దగ్గరికి షెయోల్‌కి దిగిపోతానంటాడు. అంటే షెయోల్ సమాధి కాదు, చచ్చినవాళ్లందరూ చేరే చోటు. ఇక్కడ మన అనువాదం ‘మృతుల లోకము’ అని రాసింది, అదే సరైన మాట. తర్వాత 1 సమూయేలు 28. చచ్చినవాళ్లను పిలిచే ఏన్దోరు స్త్రీ పైకి రప్పించిన, అప్పటికే చనిపోయిన ప్రవక్త సమూయేలు సౌలు రాజుతో, రేపు నువ్వూ నీ కొడుకులూ నాతోనే ఉంటారంటాడు. ప్రవక్తకూ, దేవుడు తోసిపుచ్చిన రాజుకూ చోటు ఒకటే! పాపపుణ్యాల లెక్క అక్కడ లేదు. కీర్తనలు 6:5, యెషయా 38:18, ప్రసంగి 9:5 కూడా ఇదే గట్టున రాసుకోండి: చచ్చినవాళ్లకు స్తుతి లేదు, తెలివిడి లేదు.

తర్వాత ‘ఆత్మ’. ఈ మాట దగ్గరే ఎక్కువమంది పల్టీ కొడతారు. ఆదికాండము 2:7లో నరుడు ‘జీవాత్మ ఆయెను’ అని ఉంది. హీబ్రూలో నెఫెష్ హయ్యా. ఇవే రెండు మాటలు 1:20లో జలచరాలకు, 1:24లో పశువులకు వాడారు. నెఫెష్ అంటే గొంతు, ఊపిరి, ప్రాణం. పాత చొక్కా విప్పి కొత్తది తొడుక్కునే గీతలోని ఆత్మను ఇక్కడికి తెస్తే ప్రతి వచనమూ వంకర పోతుంది. కీర్తనలు 16:10లో ‘నా ఆత్మను’ అన్నచోట ‘నా ప్రాణాన్ని’ అని చదివి చూడండి, అర్థం తేటపడుతుంది.

పుస్తకం మూసి సమాధుల వైపు కూడా ఒకసారి చూడాలి. యూదా రాజ్యకాలంలో స్తోమత ఉన్న కుటుంబాలు రాతిలో గది తొలిపించుకునేవి. గోడల వెంట అరుగులు, వాటిమీద శవం, పక్కన దీపాలు, కూజాలు. మాంసం కుళ్లిపోయాక ఎముకల్ని పోగుచేసి అదే గదిలోని గుంటలో, పూర్వీకుల ఎముకల్లో కలిపేవారు. ‘పితరులయొద్దకు చేర్చబడుట’ అన్న మాటను ఈ గుంట పక్కన పెట్టి చదివితే అది అలంకారంలా అనిపించదు. యెరూషలేములోని కెతెఫ్ హిన్నోమ్ దగ్గర 1979లో ఇలాంటి గుంటలోనే రెండు చిన్న వెండి చుట్టలు దొరికాయి, వాటిమీద యాజకుల దీవెన చెక్కి ఉంది. ద్వితీయోపదేశకాండము 26:14 ఇంకో ఆధారం. పంటలో పదో వంతుగా తీసిన దశమభాగంలోంచి చనిపోయినవారికేమీ పెట్టలేదని రైతు ఒప్పుకోవాలి. ఆ దశమభాగం ముట్టకూడదన్నారే గానీ, పెట్టే అలవాటే లేదనలేదు. మన పిండాలు గుర్తొస్తే తప్పులేదు, రెండూ ఒకటేనని మాత్రం రాసుకోవద్దు.

మలుపు దానియేలు 12:2. మన అనువాదం ‘సమాధులలో నిద్రించు’ అంది, హీబ్రూలో ఉన్నది ‘మట్టినేలలో’. పరిశోధకుల్లో ఎక్కువమంది ఈ అధ్యాయాన్ని క్రీ.పూ. 165 ప్రాంతానికి చేరుస్తారు. యూదులను ఏలుతున్న గ్రీకు రాజు అంతియోకు 4 వాళ్ల ధర్మశాస్త్రాన్ని నిషేధించిన రోజులవి. అప్పటిదాకా నీతిమంతుడికి ప్రతిఫలం దీర్ఘాయుష్షు, కొడుకులు, పంట. ఇప్పుడు ధర్మం పాటించినందుకే మనిషి చస్తున్నాడు, పాత లెక్క తెగలేదు. 2 మక్కబీయులు 7 చదవండి: ధర్మం విడవనందుకు చిత్రహింసలు పడుతున్న ఏడుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు నాలుక చాపి, చేతులు ముందుకు పెట్టి, ఇవి దేవుడి దగ్గర మళ్లీ దొరుకుతాయంటాడు. అతడు ఆశించింది ఆత్మకు మోక్షం కాదు, తెగిన చేతులే తిరిగి రావాలని.

దీంతో అందరూ ఒకటే నమ్మారని తేల్చేయకండి. ఈ రెండు బైబిళ్లలోనూ లేని పాత యూదు గ్రంథం 1 హనోకు, దాని 22వ అధ్యాయంలో చచ్చినవారి ఆత్మలకు తీర్పుదాకా వేర్వేరు గదులున్నాయి. సొలోమోను జ్ఞానగ్రంథం 3:1లో గ్రీకు పద్ధతిలో నీతిమంతుల ఆత్మలు దేవుడి చేతిలో ఉన్నాయి. యూదుల్లోని రెండు పక్షాల్లో సద్దూకయ్యులు పునరుత్థానమే (చచ్చినవాళ్లు తిరిగి లేవడమే) లేదన్నారు, పరిసయ్యులు ఉందన్నారు. దాదాపు క్రీ.శ. 200 నాటి మిష్నా (యూదు ధర్మగురువుల తీర్పుల సంకలనం), దానిలోని సన్హెడ్రిన్ అనే భాగం 10:1లో, పునరుత్థానం లేదన్నవాడికి రాబోయే లోకంలో వాటా లేదని తేల్చింది. అంటే పరిసయ్యుల పక్షమే నిలిచింది.

రెండు వచనాల దగ్గర కాస్త నిదానించండి. యెహెజ్కేలు 37లో లేచే ఎముకలు విడివిడి మనుషులు కావు, బబులోను చెరలో ఉన్న ఇశ్రాయేలు జాతి అని 11వ వచనమే చెబుతుంది. మనుషుల పునరుత్థానంగా చదవడం తర్వాతి తరాల పని, దాన్ని వేరే గడిలో రాయాలి. యోబు 19:26లో ‘శరీరముతో’ అన్నచోట హీబ్రూ ‘మిబ్బెసారీ’. ‘నా శరీరంలోంచి’ అని చదవొచ్చు, ‘శరీరం లేకుండా’ అనీ చదవొచ్చు. ఒక్క ‘మి’ని పట్టుకుని సిద్ధాంతం కట్టొద్దు, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్లండి.

చివరగా, కొత్త నిబంధనలో ‘నరకము’ అని కనిపించే గెహెన్నాను షెయోల్ పేజీలో రాయొద్దు, దానికి వేరే పేజీ తెరవండి. అది యెరూషలేము దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. పిల్లల్ని అగ్నిలో దహించిన తోఫెతు అక్కడే ఉండేదని యిర్మీయా 7:31 చెబుతుంది. ఎప్పుడూ చెత్త తగలబడే చోటని ప్రసంగాల్లో వినబడే మాటకు ఆ కాలపు ఆధారం లేదు. అది క్రీ.శ. 1200 ప్రాంతపు వ్యాఖ్యాత దావీదు కింహి రాతల్లో కనబడుతుంది. ఆ పేజీలోనే మిష్నా, ఎదుయ్యోత్ 2:10 కూడా రాయండి: గెహిన్నోములో (గెహెన్నాకు హీబ్రూ పేరు) దుష్టుల శిక్ష 12 నెలలు.