చుక్కా, వలయమా: రెడ్ డాట్ సైటులో నాకు కుదిరింది

కావలిలో మా మేడ మీద, ఇసుక నింపిన పెట్టె ముందు టార్గెట్ కాగితం పెట్టి పది మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తుంటాను. గురి కోసం అద్దంలో ఎర్ర చుక్క చూపే రెడ్ డాట్ సైటు కొత్తగా బిగించాక, ఆ చుక్క గుండ్రంగా లేదు, తోకచుక్కలా సాగి కనిపించింది. సైటు అద్దం వెనక ఫోను పెట్టి ఫొటో తీశాను. అందులో చుక్క చక్కగా గుండ్రంగానే ఉంది. అంటే తేడా నా కంటిదే. కంటి వైద్యుడు ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా సమంగా లేకపోవడం) అన్నారు. కళ్లజోడు ఖర్చు అదనం!

ఇక రెటికిల్ (సైటులో కనిపించే గురి గుర్తు) సంగతి. 6 ఎంఓఏ (ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) చుక్క చప్పున కంటపడుతుంది గానీ, పది మీటర్ల దగ్గర సుమారు 17 మిల్లీమీటర్ల మేర కప్పేస్తుంది. పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు. 2 ఎంఓఏ చుక్క 6 మిల్లీమీటర్లే కప్పుతుంది, కానీ పిస్టల్ ఎత్తగానే దాన్ని వెతుక్కోవాలి. నాకు కుదిరింది 32 ఎంఓఏ వలయం, మధ్యలో 2 ఎంఓఏ చుక్క. ఆ వలయం అక్కడ దాదాపు 93 మిల్లీమీటర్లు. టార్గెట్‌లోని 59.5 మిల్లీమీటర్ల నల్లని భాగం అందులో ఇమిడి, చుట్టూ తెల్లని అంచు సమానంగా మిగిలితే గురి కుదిరినట్టే. చుక్క కాస్త చెదిరినా ఇబ్బంది లేదు.

వెలుగు తగ్గించే కొద్దీ చెదరడమూ తగ్గింది. మా మిట్టమధ్యాహ్నపు ఎండలో మాత్రం పెంచక తప్పదు. వలయం వెలిగితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ నియమాల ప్రకారం ఎయిర్ పిస్టల్ పోటీలో ఓపెన్ సైట్లనే (అద్దం, చుక్క లేని, పిస్టల్ ముందూ వెనకా ఉండే మామూలు గురి గుర్తులు) అనుమతిస్తారు కాబట్టి, పోటీలకు వెళ్లేవారు వాటి సాధన మానకూడదు.