అలసంద సంకరాల్లో పక్వకాలం, దిగుబడి లెక్కలు కుదరనప్పుడు: సమస్య - పరిష్కారం

సమస్య: ఎఫ్2 (సంకరం చేయగా వచ్చిన తొలి తరం ఎఫ్1, దాని ఆత్మఫలదీకరణ గింజల నుంచి వచ్చేది ఎఫ్2) మడిలో పృథక్కరణే (జనక లక్షణాలు విడివడి మొక్కకో తీరుగా రావడమే) కనిపించదు, మొక్కలన్నీ తల్లి రకంలాగే ఒకేసారి పూస్తాయి.

జన్యువుల దాకా వెళ్లే ముందు ఎఫ్1 నిజంగా సంకరమేనా అన్నది తేల్చుకోవాలి. ఈ చిన్న పరీక్షను వదిలేసి నేరుగా ఆరు తరాల (రెండు జనక రకాలు, ఎఫ్1, ఎఫ్2, ఎఫ్1ను తిరిగి ఒక్కో జనకంతో కలిపిన రెండు బ్యాక్‌క్రాస్‌లు) విశ్లేషణకు కూర్చునేవారిని చూస్తే విసుగు వస్తుంది. అలసంద పువ్వు ఉదయం విచ్చుకునే సరికే పరాగకోశాలు పగిలి ఉంటాయి కనుక, ముందురోజు సాయంత్రమే మొగ్గలో విపుంసీకరణ (పరాగకోశాలను తీసివేయడం) చేయకపోతే చేతికి వచ్చేది తల్లి ఆత్మఫలదీకరణ గింజ మాత్రమే. తెల్లపూల రకాన్ని తల్లిగా, ఊదాపూల రకాన్ని తండ్రిగా తీసుకుంటే, ఊదా రంగు బహిర్గత లక్షణం (ఒక్క జనకం నుంచి వచ్చినా ఎఫ్1లో కనిపించేది) కాబట్టి, ఎఫ్1లో తెల్లగా పూసిన మొక్కలను నిస్సంకోచంగా పీకివేయవచ్చు. గింజ రంగును మాత్రం నమ్మకూడదు. గింజ పైపొర తల్లి కణజాలం. సంకరమైనా కాకపోయినా అది తల్లి రంగులోనే ఉంటుంది.

సమస్య: వేసవిలో త్వరగా పూసిందని ఎంచుకున్న మొక్కల సంతతి ఖరీఫ్‌లో తీగ సాగి, ఆకు పెంచుకుంటూ పోతుంది, ఎంతకూ పూతకు రాదు. లేదా స్కేలింగ్ పరీక్షల్లో (తరాల సగటులను పోల్చి జన్యువులు విడివిడిగా పనిచేస్తున్నాయా అని చూసే లెక్కల్లో) జన్యువుల పరస్పర చర్య నమ్మశక్యం కానంత పెద్దదిగా తేలుతుంది.

ఇక్కడ దోషి చాలాసార్లు పగటి నిడివే. అలసంద స్వభావరీత్యా హ్రస్వదీప్తి మొక్క, అంటే పగలు తగ్గితే పూసేది. పశ్చిమ ఆఫ్రికా నాటు రకాలు వానలు ముగిసి పగలు తగ్గాకే పూస్తాయి. ఇబాదాన్‌లోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ రూపొందించిన అరవై రోజుల రకాలు పగటి నిడివిని అంతగా పట్టించుకోవు. హైదరాబాద్‌లో జూన్ చివర పగలు 13 గంటలకు పైన, డిసెంబరు చివర 11 గంటలకు పైన ఉంటుంది. ఈ రెండు గంటల తేడా సున్నితమైన రకానికి ఎక్కువే. జనవరి, ఫిబ్రవరిల్లో విత్తిన పైరు పొట్టి పగళ్లలో పెరుగుతుంది కాబట్టి సున్నితమైన మొక్కా, కాని మొక్కా దాదాపు కలిసి పూస్తాయి, తేడా దాగిపోతుంది. జూన్‌లో విత్తితే అదే తేడా బయటపడుతుంది. పొడవు పగళ్లకు తోడు రాత్రి వేడి కూడా ఉంటే కొన్ని రకాల్లో మొగ్గ కనిపించి కూడా ఎదగక ఆగిపోతుంది. మొగ్గ తొడిగిన రోజును పూత తేదీగా రాసుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు. సున్నితత్వం బహిర్గతంగా ఉన్న సంకరంలో ఖరీఫ్‌లో ఎఫ్1 ఆలస్యంగా పూసి, వేసవిలో మామూలుగా పూస్తుంది. ఒకే జన్యువు రెండు రుతువుల్లో రెండు కథలు చెబుతుందన్నమాట.

తల్లిదండ్రులను ఒక రుతువులో, ఎఫ్2ను మరొక రుతువులో పెంచినప్పుడు నష్టం ఇంకా పెద్దది. స్కేలింగ్‌లోని సి విలువ (పరస్పర చర్య లేకుంటే ఇది సున్నా కావాలి) ఎఫ్2 సగటుకు నాలుగు రెట్లు తీసుకుని, అందులోంచి ఎఫ్1కు రెండు రెట్లనూ, తల్లిదండ్రుల సగటులనూ తీసివేయగా వచ్చేది. అంటే వాతావరణం వల్ల ఎఫ్2 సగటు 3 రోజులు జరిగితే సి విలువ 12 రోజులు జరుగుతుంది. ఆ 12 రోజులనే పరస్పర చర్య అని రాసుకుంటారు.

పరిష్కారం: సంకరం చేయకముందే రెండు జనక రకాలనూ జూన్ నుంచి ఇరవై రోజుల ఎడంతో మూడు తేదీల్లో విత్తాలి. పగటి నిడివిని పట్టించుకోని రకంలో విత్తిన తేదీ జరిగినంతా పూత తేదీ కూడా జరుగుతుంది; సున్నితమైన రకం ఎప్పుడు విత్తినా క్యాలెండరులో ఇంచుమించు ఒకే సమయానికి పూతకు వస్తుంది. ఆ తరువాత గింజ దాచుకుని ఆరు తరాలనూ ఒకే రోజున, ఒకే మడిలో విత్తాలి. త్వరగా పక్వానికి వచ్చే మొక్కల ఎంపిక ఖరీఫ్‌లోనే చేయాలి. రబీ చలిలో అన్ని రకాలూ ఆలస్యమవుతాయి. అక్కడ రోజుల సంఖ్యను కాక జనకాల మధ్య ఎడాన్ని చూడాలి.

సమస్య: దిగుబడి కోసం ఎంచుకుంటే పైరు ప్రతి తరంలోనూ ఆలస్యమవుతుంది.

ఆలస్యంగా పూసిన మొక్క ఎక్కువ కణుపులు, కొమ్మలు వేస్తుంది కనుక తేమ దొరికినంత కాలం ఎక్కువ కాయలు కాస్తుంది. పై దోషం సరిచేశాక కూడా ఈ చిక్కు కొంత మిగులుతుంది. ఒకే పక్వకాలం గల మొక్కలను మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చాలి. ఎఫ్2లో ఒంటి మొక్క దిగుబడిని చూసి ఎంచుకోవడం నా దృష్టిలో వృథా, ఎందుకంటే దాని హెరిటబిలిటీ (మొక్కల మధ్య తేడాలో జన్యువుల వాటా) తక్కువ. మొదటి తరాల్లో గింజ బరువు, కాయ పొడవు చూసి, దిగుబడి పరీక్షను ఎఫ్4, ఎఫ్5 వంశాలకు వాయిదా వేయడం మేలు.

పచ్చికాయ కోసిన మొక్క మళ్లీ పూస్తుంది కాబట్టి పక్వకాలం నమోదు చేసే వరుసల్లో కాయ తెంపనివ్వకండి. హెరిటబిలిటీ ఒకటి దాటినా, సున్నా కంటే తగ్గినా బ్యాక్‌క్రాస్ మొక్కలు చాలినన్ని లేవనే మొదట అనుమానించండి. కణద్రవ్య ప్రభావం (తల్లి కణద్రవ్యం ద్వారా సంతతికి వచ్చేది) అరుదు. తల్లిదండ్రులను తారుమారు చేసిన సంకరాన్ని పక్కనే ఒక వరుస వేస్తే తేలిపోతుంది.