మొదటిసారి జర్దోసీ కుట్టాలంటే ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింటి అమ్మాయి ఏకంగా పెళ్లి బ్లౌజు మీదే జర్దోసీ, అంటే బంగారు రంగు తీగతో చేసే ఎంబ్రాయిడరీ, మొదలుపెడతానంది. "వద్దమ్మా, ముందు విడి గుడ్డ మీద ఒక్క మామిడి పిందె కుట్టి చూడు" అన్నాను. మీకూ అదే చెప్తున్నాను.

సామాను కోసం చిక్‌పేట మెట్రోలో దిగి అవెన్యూ రోడ్డులోని రాజా మార్కెట్‌కి వెళ్లండి. స్ప్రింగులా బోలుగా చుట్టిన జర్దోసీ తీగ 10 గ్రాములు, కొంచెం జరీ దారం, అదే రంగు కుట్టు దారం, 10 నంబరు సూది, తేనెమైనం, 8 అంగుళాల ఫ్రేమ్ చాలు. మగ్గం వర్క్‌లో వాడే ఆరి సూది తర్వాత నేర్చుకోవచ్చు. మొదటిసారికి మామూలు సూదే నయం.

గుడ్డ వెనక కాటన్ లైనింగ్ వేసి ఫ్రేమ్‌కి బిగించండి. తీగ బరువుకి గుడ్డ ముడతలు పడకూడదు కదా. వేలితో తడితే డప్పులా మోగాలి. పిందెను పెన్సిల్‌తో గీయండి.

అంచుకి జరీని గుడ్డలోంచి లాగకండి, పైపొర ఊడిపోతుంది. రెండు పోగులు పక్కపక్కనే గీత మీద పరిచి, 3 మిల్లీమీటర్లకొకటి చొప్పున సన్న దారంతో అడ్డంగా కుట్టు వేయండి. చివర్లు అంగుళం వదిలి, ఆఖర్న పెద్ద కన్ను సూదితో వెనక్కి దించి కట్టేయండి.

ఇక లోపల నింపడం. నాకు ప్రాణమైన పని ఇదే. పాత కత్తెరతో, వెల్వెట్ ముక్క మీద పెట్టి తీగను కత్తిరించండి, లేకపోతే ముక్కలు ఎగిరిపోతాయి. దారానికి తేనెమైనం రాసి, సూది పైకి తీసి, ముక్కను పూసలా గుచ్చి, అవతల దించండి. గుచ్చేముందు ప్రతి ముక్కనీ ఆ ఖాళీ మీద పెట్టి చూసుకోండి. వెంట్రుకంత ఎక్కువైతే గూని వచ్చినట్టు లేస్తుంది, తక్కువైతే చివర్న దారం బయటపడుతుంది. దారం బిగించేటప్పుడు టెన్షన్ పడి గట్టిగా లాగొద్దు. స్ప్రింగ్ ఒక్కసారి సాగిందంటే మళ్లీ దగ్గరికి రాదు. నా మొదటి పిందెలో సగం ముక్కలు అలాగే పాడయ్యాయి. అవి విప్పి కొత్తవి వేయాల్సిందే.

అన్నట్టు, పారసీలో జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టు. ఇప్పుడు బజార్లో దొరికేది చాలావరకు బంగారు రంగు పూసిన రాగి తీగే, అందుకే నల్లబడుతుంది. ఉతకకండి, సెంటు తగలనివ్వకండి, పాత నూలు పంచెలో చుట్టి దాచండి.