నూనెపై బొట్టు పగిలే ప్రయోగం: చేసే విధానం, వెనుకనున్న కారణం

ఆల్కహాల్ కలిపిన నీటిని ఒక్క బొట్టు నూనె మీద వేస్తే, అది ముందు పలుచగా పరుచుకుని, ఆపై అంచు వెంబడి సన్నని బిందువులుగా తెగిపోతుంది. ఫ్రాన్స్, బెల్జియం పరిశోధకులు 2017లో ‘ఫిజికల్ రివ్యూ లెటర్స్’ పత్రికలో దీన్ని వివరంగా విశ్లేషించారు. ఇంట్లోనూ చేయదగిన ప్రయోగమిది.

వెడల్పాటి గాజు పళ్లెంలో పొద్దుతిరుగుడు నూనెను అర సెంటీమీటరు లోతున పోసి, అలలు అణిగేవరకు కదపకుండా ఉంచండి. మందుల దుకాణంలో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు పాళ్లకు నీరు ఒక పాలు కలిపి, కంటికి స్పష్టంగా కనబడేందుకు కాస్త నీలి ఇంకు చేర్చండి. జెల్ రూపంలోని శానిటైజర్‌లో చిక్కదనం కోసం వేరే పదార్థాలు కలుపుతారు కనుక అది పనికిరాదు. ఆల్కహాల్ ఆవిరి తేలికగా అంటుకుంటుంది. పొయ్యి, దీపం దగ్గర లేకుండా చూసుకోవడం తప్పనిసరి. ఫ్యాన్ ఆపి, సూది తీసేసిన సిరంజిని నూనెకు బాగా దగ్గరగా పట్టుకుని, ఒక్క బొట్టు జారవిడవండి.

ద్రవం ఉపరితలాన్ని ముడుచుకునేలా లాగి పట్టే బలాన్ని తలతన్యత అంటారు. గది ఉష్ణోగ్రత వద్ద నీటి తలతన్యత మీటరుకు దాదాపు 72 మిల్లీన్యూటన్లు, నూనెది 33 ప్రాంతం, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ది 22 లోపు. అందుకే నూనె మీద మంచినీటి చుక్క ముడుచుకునే ఉంటుంది, ఆల్కహాల్ తగినంత కలిసిన బొట్టు మాత్రం పరుచుకుంటుంది. పరుచుకున్న పొర అంచు దగ్గర మరీ పలుచగా ఉండటం వల్ల, అక్కడి ఆల్కహాల్ నడిమి భాగం కంటే త్వరగా ఆవిరై, నీటి పాలు పెరిగి, తలతన్యత హెచ్చుతుంది. ఆ హెచ్చిన తలతన్యత నడిమి ద్రవాన్ని అంచు వైపు లాగుతూనే ఉంటుంది. తలతన్యతలోని తేడా వల్ల పుట్టే ఇలాంటి ప్రవాహాన్ని ఇటలీ శాస్త్రవేత్త కార్లో మరాంగోని పేరుతో పిలుస్తారు. అంచున పోగైన ద్రవంలో ఆల్కహాల్ తగ్గేకొద్దీ అది ఇక పరుచుకోలేక, ముడుచుకోబోయి, చిన్న చిన్న బిందువులుగా తెగిపోతుంది. నీలి పొర చుట్టూ అంచు ముందు ముదురు రంగుకు తిరగడం, ఆ వెంటనే అక్కడక్కడా ఉబ్బి బిందువులు ఊడిపడటం దగ్గరగా వంగి చూస్తే తెలుస్తుంది. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీస్తే ఇంకా బాగా పట్టుబడుతుంది.

ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే భాగం తర్వాతిదే. మరో బొట్టు వేసి, వెంటనే పళ్లెంపై గాజు మూత పెట్టండి. లోపల ఆల్కహాల్ ఆవిరి నిండేకొద్దీ బాష్పీభవనం మందగించి, పగలడం కూడా నెమ్మదిస్తుంది. మూత తీయగానే మళ్లీ ఊపందుకుంటుంది. ఆ తర్వాత నీటి పాలు కొంచెం కొంచెంగా పెంచుతూ వేసి చూడండి: ఒక హద్దు దాటాక బొట్టు పరుచుకోవడమే మానేస్తుంది.