టెలిస్కోపులో గురుడికి రంగు కనిపించడం లేదా? ముందు టార్చి వేసి అద్దం చూడండి

కోనసీమలో కొత్తగా టెలిస్కోపు కొన్నవాళ్లు నన్ను అడిగేది ఎక్కువగా ఇదే: "గురుడు దొరికాడండీ, కానీ రంగే లేదు, సున్నం బిళ్లలా ఉన్నాడు." ఆ వెంటనే ఖరీదైన ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) గురించి అడుగుతారు. దయచేసి అప్పుడే ఏమీ కొనకండి.

ఫోటోల్లోని రంగులు వందల ఫ్రేములు కలిపి, రంగు పెంచి తీసినవి. కంటికి అందేది లేత రంగే. గురుడు మీగడ రంగులో ఉంటాడు, మధ్యలో గోధుమ రంగు పట్టీలు రెండు. శని లేత పసుపు, కుజుడు నారింజ. శుక్రుడు తెల్లగానే ఉంటాడు, అక్కడ రంగు వెతకొద్దు. గురుడి ఎర్రమచ్చ కూడా లేత ఇటుక రంగులోనే ఉంటుంది. పైగా ఆయన 10 గంటల లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు కాబట్టి సగం సేపు ఆ మచ్చ అవతలి వైపే ఉంటుంది. పెద్ద అద్దం వెడల్పు 130 మిల్లీమీటర్లున్న టెలిస్కోపులో పట్టీల రంగు కూడా తెలియకపోతే అప్పుడు లోపం వెతకాలి.

సాయంత్రం బాగుండి, రాత్రి గడిచేకొద్దీ రంగు వెలిసిపోతే

ఇది చెమ్మ. మన దగ్గర నూటికి తొంభై సార్లు ఇదే, ఎవరూ చూడనిదీ ఇదే.

ఒక జనవరి రాత్రి మా డాబా మీద ఏడు గంటలకు పట్టీలు చక్కగా కనిపించాయి. తొమ్మిదింటికి గురుడు బూడిద రంగుకు తిరిగాడు, చుట్టూ పాలు ఒలికినట్టు వెలుగు. అద్దాలు పక్కకు జరిగాయనుకుని గంటసేపు స్క్రూలు తిప్పాను. కొబ్బరాకుల మీంచి మంచు బొట్లు పడుతున్న చప్పుడు విని, గొట్టం మూతిలోకి టార్చి వేశాను. ఏటవాలుగా ఉండే చిన్న అద్దం మీద, చల్లటి గ్లాసుకు పట్టినట్టు తెల్లటి పొర.

చుట్టూ దాళ్వా చేలు, చేపల చెరువులు, కాలవలు. గాలి నిండా తేమే. ఆకాశానికి ఎదురుగా ఉన్న వస్తువు తన వేడిని పైకి వదిలేసి గాలికన్నా చల్లబడుతుంది, తేమ దాని మీద చేరుతుంది. ఆరుబయట పెట్టిన బండి సీటు తడిసి, చూరు కింద పెట్టింది పొడిగా ఉండేది అందుకే. గొట్టం అడుగున ఉన్న పెద్ద అద్దానికి త్వరగా పట్టదు. మూతి దగ్గరున్న చిన్న అద్దానికీ, లెన్సు టెలిస్కోపు అయితే ముందు లెన్సుకీ, మన ఊపిరి తగిలే ఐపీస్‌కీ ముందు పడుతుంది.

గాలి కదలిక వల్ల అయితే బొమ్మ నీళ్లలో నీడలా ఆడుతుంది, మధ్యమధ్యలో ఒక్క క్షణం తేటపడి పట్టీల రంగు కనిపిస్తుంది. చెమ్మ పడితే ఆ క్షణం రానే రాదు.

గుడ్డతో మాత్రం తుడవకండి, పూత గీసుకుపోతుంది. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి అర నిమిషం చాలు. మళ్లీ పట్టకుండా నల్లటి యోగా మ్యాట్‌ను గొట్టం మూతికి చుట్టి, 130 మిల్లీమీటర్ల దానికి 20 సెంటీమీటర్లు ముందుకు ఉండేలా కట్టండి. వాడని ఐపీస్ జేబులో వెచ్చగా ఉంచుకోండి. పని అయ్యాక తడి మీద మూత పెట్టేస్తే ఫంగస్ పడుతుంది, అది ఇక పోదు. ఆరాకే మూసి, సిలికా జెల్ పొట్లాలతో దాచండి.

మొదటి నుంచీ వెలిసినట్టే ఉంటే

మాగ్నిఫికేషన్ ఎక్కువైంది. రెట్టింపు చేస్తే బొమ్మ వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, రంగు పట్టడానికి కంటికి ఆ వెలుతురే కావాలి. 130 మిల్లీమీటర్లకు 130 రెట్లు చాలు, బార్లో (మాగ్నిఫికేషన్ పెంచే అదనపు లెన్సు) ఉంటే తీసేయండి. మరీ తక్కువ పెట్టినా మిరుమిట్లలో రంగు పోతుంది. అప్పుడు మెట్ల దగ్గర లైటు వేసుకోండి, లేదా పూర్తిగా చీకటి పడకముందే చూడండి. గ్రహాలకు కన్ను చీకటికి అలవాటు పడనక్కర్లేదు.

ఒక అంచున ఎరుపు, ఇంకో అంచున నీలం ఉంటే

గ్రహం కిందికి ఉంది, అది గాలి చేసే పని. పైకి వచ్చేదాకా ఆగండి. 2026 జనవరిలో మిథునంలో ఉన్న గురుడు మనకు దాదాపు నడినెత్తికి వచ్చాడు, అంతకన్నా మంచి చోటు ఉండదు. చుట్టూ ఊదా రంగు కనిపిస్తే అది చవక లెన్సుది, గ్రహానిది కాదు.

అద్దం పూత పోవడం, కంట్లో శుక్లం లాంటివి ఉంటాయి కానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.