వానకు తడిసి మిస్సింగ్ కొట్టే పాత స్ప్లెండర్: ముందు విప్పాల్సింది కార్బొరేటర్ కాదు

పెద్ద వాన కురిసిన మర్నాడు బండి స్టార్టవుతుంది కానీ సాగదు. గేరేసి ఎక్సలేటర్ తిప్పగానే టపటపమని కొట్టుకుంటుంది, పికప్ ఉండదు, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. షాపుకి తీసుకెళ్తే చాలాచోట్ల మొదట విప్పేది పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్. దాన్ని కడిగి బిగించే గంటలో ప్లగ్ క్యాప్ (స్పార్క్ ప్లగ్ మీద తొడిగే రబ్బరు టోపీ) తడి ఆరిపోతుంది, బండి నడుస్తుంది, పేరు కార్బొరేటర్ సర్వీసింగుకి వస్తుంది. మళ్లీ వానకు మళ్లీ అదే కథ.

ఇక్కడ చెప్పేది బీఎస్ 6 పొగ నియమాలకి ముందు వచ్చిన 97.2 సీసీ కార్బొరేటర్ స్ప్లెండర్, ప్యాషన్ గురించి. మిగతా కార్బొరేటర్ బండ్లకూ చూసే వరస ఇదే, కొలతలు మాత్రం మారతాయి.

స్పానర్ పట్టుకునే ముందు చోక్‌తో ఒక పరీక్ష చేయండి. ఇంజన్ కాస్త వేడెక్కాక, బండి మిస్ అవుతున్నప్పుడే చోక్ సగం వేయండి. బండి మెరుగుపడితే పెట్రోలు చాలడం లేదని అర్థం: బౌల్లో (కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) నీళ్లున్నాయి, లేదా జెట్‌లో (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) చెత్త ఇరుక్కుంది. ఇంకా మొరాయించి నల్లపొగ వదిలితే గాలి చాలడం లేదు, ఎయిర్ ఫిల్టర్ తడిసింది. చోక్ వేసినా తీసినా తేడా లేకపోతే, పది నిమిషాలు నడిచాక దానంతటదే సర్దుకుంటే, తప్పు కరెంటు వైపే. పాత బండ్లలో ఎక్కువగా తేలేది ఈ మూడోదే.

ప్లగ్ క్యాప్ రబ్బరు ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి గట్టిపడి, వెంట్రుకంత సన్నగా చీలుతుంది. పొడిగా ఉన్నంతకాలం ఏమీ కాదు. చీలికలో తడి చేరగానే, ప్లగ్ కొనకు పోవాల్సిన వేల వోల్టులు తేలికైన దారి దొరికిందని ఇంజన్ హెడ్ (సిలిండర్ పై మూత) మీదికి దూకేస్తాయి. ఐడిల్‌లో, అంటే ఎక్సలేటర్ ఇవ్వకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు, సిలిండర్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి ప్లగ్ దగ్గర స్పార్క్ ఎలాగో పడుతుంది. ఎక్సలేటర్ ఇచ్చి లోడ్ పెంచితే అక్కడ దూకడం కష్టమై చీలిక దారి పడుతుంది. ఐడిల్ బాగుండి ఎత్తు ఎక్కేటప్పుడే మిస్ అవడానికి కారణం ఇదే.

దీన్ని కళ్లతో చూడొచ్చు. చీకటి పడ్డాక బండి స్టార్ట్ చేసి, స్ప్రే బాటిల్‌తో ప్లగ్ క్యాప్ మీద, ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కి వేల వోల్టులిచ్చే భాగం) నుంచి వచ్చే మందపాటి వైరు మీద నీళ్లు చల్లండి. లీకుంటే నీలిరంగు మెరుపు సన్నగా పాకుతూ కనిపిస్తుంది, టిక్ టిక్‌మని వినిపిస్తుంది. అప్పుడు చెయ్యి మాత్రం దగ్గర పెట్టకండి, షాక్ గట్టిగానే కొడుతుంది.

ఇంజన్ ఆపి, క్యాప్‌ని అపసవ్యంగా తిప్పితే స్క్రూ ఊడినట్టు వైరు నుంచి ఊడొస్తుంది. వైరు కొన పచ్చగా చిలుము పట్టి ఉంటే అర సెంటీమీటరు కోసేసి, కొత్త క్యాప్‌ని గట్టిగా తిప్పి ఎక్కించండి. మల్టీమీటర్ ఉంటే రెసిస్టర్ రకం పాత క్యాప్‌ని రెండు చివర్లా కొలవండి: సాధారణంగా 5 కిలో ఓమ్స్ దగ్గర ఉండాలి, అసలేమీ చూపకపోతే పోయినట్టే. కొత్త క్యాప్ లోపలి అంచుకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. కొందరు క్యాప్ చుట్టూ పాలిథిన్ కవర్ చుడతారు, దానివల్ల లోపలి చెమ్మ బయటికి పోదు.

ఎలాగూ క్యాప్ తీశారు కాబట్టి ప్లగ్ కూడా విప్పి, దాని కొన దగ్గర స్పార్క్ దూకే గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లుందో లేదో చూడండి. అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి, లీకు అంతకంత పెరుగుతుంది. అప్పుడు ప్లగ్ కూడా మార్చేయండి.

మిస్సింగ్ కాకుండా బండి టక్కున ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్టవుతుంటే సిడిఐ (స్పార్క్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కనెక్టరు, ఇగ్నిషన్ స్విచ్, మాగ్నెట్ కవర్ నుంచి వచ్చే పల్సర్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు పడాలో సిడిఐకి చెప్పే భాగం) వైరు చూడండి. కనెక్టర్లు లాగి, పచ్చదనం ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక బిగించండి.

చోక్ వేస్తే మెరుగుపడిన బండికి పని కార్బొరేటర్ అడుగున. ఓవర్‌ఫ్లో గొట్టం కొస ఒక గాజు సీసాలో పెట్టి, బౌల్ కిందున్న డ్రైన్ స్క్రూ వదులు చేయండి. పెట్రోలు ట్యాప్ తెరిచే ఉంచి 100 మిల్లీలీటర్ల దాకా రానివ్వండి. సీసా వాల్చి చూస్తే నీళ్లు అడుగున పూసల్లా దొర్లుతాయి. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోల్లో నీళ్లు కొద్దిగా చేరితే కలిసిపోతాయి, ఎక్కువైతే ఇథనాల్‌ని కూడా లాక్కుని అడుగున వేరే పొరగా దిగుతాయి. పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే, ఎందుకంటే పైన మిగిలింది కూడా మంచి పెట్రోలు కాదు. రిజర్వులో పెట్టి తీస్తేనే అడుగుది వస్తుంది. దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

నీళ్లు వచ్చిన దారి మూయకపోతే ఇదంతా వృథా. ట్యాంకు మూత చుట్టూ ఉన్న గుంటలోంచి వాన నీళ్లు పోయే సన్నటి రంధ్రం మట్టితో మూసుకుంటే నీళ్లు అక్కడే నిలిచి, ఎండిన వాషర్ పక్కనుంచి లోపలికి దిగుతాయి. సన్నని తీగతో రంధ్రం తీసి, వాషర్ మార్చండి.

ఎయిర్ ఫిల్టర్ పేపరుదైతే తడిసినదాన్ని పారేయండి. ఫోమ్‌దైతే కిరసనాయిల్లో కడిగి, మెలిపెట్టకుండా పిండి, ఆరాక కొద్దిగా ఇంజన్ ఆయిల్ పట్టించండి. ఫిల్టర్ పెట్టె అడుగు గొట్టంలో నిలిచిన నీళ్లు కూడా వదిలేయాలి.

వరదలో మునిగిన బండిది వేరే లెక్క. 2024 సెప్టెంబర్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో మునిగినలాంటి బండ్లకు ముందు సెల్ఫ్ గానీ కిక్ గానీ కొట్టకూడదు. సిలిండర్‌లో నీళ్లుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇగ్నిషన్ ఆపి, ప్లగ్ తీసి, రంధ్రం మీద గుడ్డ వేసి, కిక్ నెమ్మదిగా నొక్కితే నీళ్లు చిమ్ముకుంటూ వస్తాయి. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. పాలు కలిసిన కాఫీ రంగు ఉంటే మొత్తం దించి 900 మిల్లీలీటర్లు కొత్తది పోసి, స్టార్టయ్యాక అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి మళ్లీ దించండి. ఆ రెండోసారి దించిన ఆయిల్ కూడా తెల్లగా ఉంటే మూడోసారి మార్చే దాకా రోడ్డెక్కించకండి.