ఫ్లష్ ట్యాంక్ కారుతోందా? ముందు ఏ వాల్వో తేల్చుకోండి

బెంగళూరు మారతహళ్లిలో మేం నడిపే పీజీ హాస్టల్ ఐదంతస్తుల బిల్డింగ్. గదికో బాత్‌రూమ్, బాత్‌రూమ్‌కో ఫ్లష్ ట్యాంక్. నీళ్లు కొంత బోరువి, కొంత ట్యాంకర్‌వి, వచ్చిన రోజు కావేరివి. ఇన్ని ట్యాంకులు ఒక్కచోట చూసుకుంటూ ఉంటే ఏది ఎందుకు కారుతుందో చెవికే తెలిసిపోతుంది. పిల్లలెవరైనా వచ్చి "అక్కా, మా ట్యాంక్ సౌండ్ వస్తానే ఉంది" అంటే ప్లంబర్‌కి ఫోన్ చేసే ముందు నేనే వెళ్లి మూత తీసి చూస్తాను. ప్లంబర్ వస్తే సాధారణంగా సెట్ మొత్తం మార్చేద్దామంటాడు. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. ఒక రబ్బరు వాషర్, కాస్త నిమ్మ ఉప్పు, అరగంట ఓపిక ఉంటే చాలు.

ట్యాంక్‌లో ఉండేవి రెండే వాల్వులు. ఒకటి నీళ్లు లోపలికి వదిలి, నిండగానే ఆపేస్తుంది. షాపులో దీన్ని ఫిల్ వాల్వ్ అంటారు, పాత రకమైతే బాల్ కాక్. రెండోది ట్యాంక్ అడుగున కూర్చుని ఉంటుంది. బటన్ నొక్కితే పైకి లేచి నీళ్లన్నీ కమోడ్‌లోకి వదిలి మళ్లీ కూర్చుంటుంది. ఇది ఫ్లష్ వాల్వ్. సైఫన్ అని అడిగినా మన షాపుల్లో ఇదే చేతికిస్తారు. వీటి మధ్యలో నిలువుగా ఓవర్‌ఫ్లో గొట్టం ఉంటుంది. ఈ రోజుల్లో అది ఫ్లష్ వాల్వ్‌లోనే కలిసి వస్తోంది. ఫిల్ వాల్వ్ ఆగకపోతే ఎక్కువైన నీళ్లు ఆ గొట్టంలోంచి కమోడ్‌లోకే పోతాయి. అందుకే రెండిట్లో ఏది పాడైనా పైకి ఒకేలా కనిపిస్తుంది: కమోడ్ లోపల వెనక వైపు సన్నటి నీటి చార.

కాబట్టి ఏది పాడైందో ముందు తేల్చుకోవాలి. ట్యాంక్ నిండాక, దానికి నీళ్లిచ్చే గోడ దగ్గరి చిన్న కుళాయి, అంటే యాంగిల్ కాక్, పూర్తిగా కట్టేయండి. లోపల నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీయండి. అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. మట్టం గీత కిందికి దిగితే కారుతున్నది అడుగున ఉన్న ఫ్లష్ వాల్వ్. గీత దగ్గరే నిలబడి, కాక్ మళ్లీ తెరిచిన కాసేపటికి నీళ్లు పెరిగి ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాటుతుంటే తప్పు ఫిల్ వాల్వ్‌ది. ఇంకా అనుమానంగా ఉంటే కాక్ కట్టి, కేసరిలో వేసే రంగు కొంచెం ట్యాంక్ నీళ్లలో కలపండి. ఫ్లష్ చేయకుండానే కమోడ్‌లోకి రంగు దిగిందంటే ఇక సందేహం లేదు, కారుతున్నది ఫ్లష్ వాల్వే. అర్ధరాత్రి ఎవరూ ఫ్లష్ చేయకుండానే ట్యాంక్ దానంతటదే కాసేపు నిండి ఆగిపోతుంటే అదీ ఫ్లష్ వాల్వ్ లీకే. మట్టం మెల్లగా దిగి, ఫిల్ వాల్వ్‌ని నడిపే, నీళ్ల మీద తేలే ఫ్లోట్ కిందికి జారి, మళ్లీ నిండుతోందన్నమాట.

ఆ గీతతోనే ఎన్ని నీళ్లు పోతున్నాయో కూడా లెక్కేయొచ్చు. ట్యాంక్ లోపలి పొడవు 35 సెంటీమీటర్లు, వెడల్పు 12 అనుకోండి. ఒక సెంటీమీటరు మట్టం అంటే 420 మిల్లీలీటర్లు. పది నిమిషాలకి ఒక సెంటీమీటరు దిగితే రోజుకి 60 లీటర్లు, నెలకి 1800. కంటికి దాదాపు కనిపించని లీకు ఇది. ఇలాంటివి బిల్డింగ్‌లో నాలుగుంటే నెలకి 6000 లీటర్ల ట్యాంకర్ ఒకటి మొత్తంగా డ్రైనేజీలోకి పోయినట్టే. 2024 మార్చిలో బెంగళూరు నీటి కష్టం ముదిరినప్పుడు జలమండలి కుళాయిలకి ఏరేటర్లు (గాలి కలిపి నీటి ధార తగ్గించే జల్లెడ మూతలు) తప్పనిసరి చేసింది. మంచి పనే. కానీ కుళాయి కారితే పక్కగదివాడికి కూడా వినిపిస్తుంది, ఫ్లష్ ట్యాంక్ కారితే లోపలున్నవాడికే తెలియదు. కావేరి నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, అదీ పల్లం నుంచి మిట్టకి పంపులతో ఎక్కించుకుంటే గానీ ఈ ఊరికి రావు. అవి ఒక వాషర్ దగ్గర పోతున్నాయంటే నాకు మనసొప్పదు.

ముందు ఫ్లష్ వాల్వ్ సంగతి. యాంగిల్ కాక్ కట్టి, ఒకసారి ఫ్లష్ చేసి ట్యాంక్ ఖాళీ చేయండి. మూతకి బటన్ బిగించి ఉంటే ముందు బటన్ రింగు తిప్పి తీయాలి, లేకపోతే మూతతోపాటు లోపలి కడ్డీలు విరుగుతాయి. డ్యూయల్ ఫ్లష్ (పెద్దది, చిన్నది రెండు బటన్లుండే) రకాల్లో చాలావాటికి ఫ్లష్ వాల్వ్ నిలువు టవర్‌లా ఉంటుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని గడియారానికి ఎదురు దిశలో పావు చుట్టు తిప్పితే బేస్ అక్కడే ఉండిపోయి టవర్ ఒక్కటే ఊడి వస్తుంది. దాన్ని తిరగేస్తే అడుగున రబ్బరు లేదా సిలికాన్ వాషర్ కనిపిస్తుంది. నీళ్లు ఆపేది అదొక్కటే. పైనున్న నీటి బరువే దాన్ని కిందికి అదిమిపెట్టి ఉంచుతుంది. అంటే వాషర్ మెత్తగా, కింది అంచు నున్నగా ఉన్నంతవరకు వాల్వ్ మామూలుగా కారదు.

వేలిని వాషర్ మీద మెల్లగా తిప్పి చూడండి. బోరు నీళ్లున్న ఇళ్లలో అంచు మీద తెల్లటి గార ఇసుక కాగితంలా గరగరలాడుతుంది. వాషర్ మధ్యలో చుట్టూ ఒక గాడి పడి ఉంటుంది, అదే రోజూ అది కూర్చునే చోటు. ఆ గాడికి అడ్డంగా ఒక్క గార పలుకున్నా నీళ్లకి దారి దొరికినట్టే. ట్యాంక్‌లోనే ఉండిపోయిన బేస్ అంచుని కూడా అలాగే వేలితో తడిమి చూడాలి. దాన్ని ఎవరూ చూడరు. కొత్త వాషర్ వేసినా కారుతోందంటే నూటికి తొంభైసార్లు కారణం అక్కడే ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ ముంచి అంచు చుట్టూ వేసి పావుగంట ఉంచండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఇనుప పీచు, ఆకుపచ్చ స్క్రబ్బర్, చాకు వాడొద్దు. ఆ ప్లాస్టిక్ మీద గీత పడిందంటే ఇక ఏ వాషరూ కూర్చోదు.

వాషర్ ఇంకా మెత్తగా ఉంటే కడిగి మళ్లీ వేయొచ్చు. రెండు వైపులా చదునుగా ఉండే రకమైతే తిరగేసి వేసినా కొన్నాళ్లు పని చేస్తుంది. వంచితే గట్టిగా ఉండి సన్నటి పగుళ్లు కనిపిస్తే, ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ గట్టిపడినట్టే అది కూడా అయిపోయిందని అర్థం. పాతదాన్ని జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి. "ఫ్లష్ వాషర్" అని నోటితో చెప్తే మూడు నాలుగు సైజులు చూపిస్తారు, అన్నీ కంటికి ఒకేలా ఉంటాయి. ట్యాంక్‌లో వేసే నీలం రంగు బిళ్లలు మా బిల్డింగ్‌లో నేను పెట్టనివ్వను. వాటిలో క్లోరిన్ రకాలు రబ్బరుని త్వరగా తినేస్తాయి.

వాషర్ బాగున్నా, అంచు బాగున్నా కారుతుంటే బటన్ కడ్డీల పొడవు చూడండి. అవి కాస్త ఎక్కువైతే మూత పెట్టగానే బటన్ సగం నొక్కినట్టే ఉంటుంది, వాల్వ్ వెంట్రుకవాసి పైకి లేచి ఉంటుంది. మూత తీసి చూస్తే లీకు ఆగిపోతుంది, మూత పెడితే మళ్లీ మొదలు. కడ్డీకీ బటన్‌కీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మరలాగా తిప్పి పొట్టి చేసుకోవచ్చు.

మా నాన్న రైల్వే ఉద్యోగి. గుంతకల్లు క్వార్టర్స్‌లో గోడకి ఎత్తున పోత ఇనుము ట్యాంక్, దానికి వేలాడే గొలుసు ఉండేవి. అసలైన సైఫన్ అది. అందులో నీటి కింద మూసుకునే రబ్బరంటూ ఏమీ ఉండదు. గొలుసు లాగితే గంటలాంటి మూత లేచి పడి, నీళ్లని ఒక వంపు మీదుగా దాటించి కిందికి లాగేసేది. అది అరిగిపోతే ఫ్లష్ సరిగ్గా పడదు, నాలుగుసార్లు లాగాల్సి వస్తుంది. అంతే తప్ప చప్పుడు లేకుండా కారదు. ఇప్పటి వాల్వ్ అరిగితే ఫ్లష్ చక్కగా పడుతూనే ఉంటుంది, కారుతూనే ఉంటుంది. బ్రిటన్‌లో ఈ ఒక్క కారణానికే ఇళ్లలో సైఫన్‌నే వాడాలని చాలాకాలం పట్టుబట్టి, 2001 జనవరి నుంచి మాత్రమే వాల్వులకి అనుమతిచ్చారు. వాల్వ్ వల్ల లాభం లేకపోలేదు. తక్కువ నీళ్లతో, తేలికపాటి బటన్‌తో, సగం ఫ్లష్ వీలుతో పని జరుగుతుంది. 1980లో ఆస్ట్రేలియాలో కరోమా కంపెనీకి చెందిన బ్రూస్ థాంప్సన్ రెండు బటన్ల ట్యాంక్ తెచ్చినప్పుడు పెద్ద ఫ్లష్ 11 లీటర్లు, చిన్నది ఐదున్నర. ఇప్పుడు మనం కొనేవాటిలో ఆరు, మూడు లీటర్లవి సులువుగా దొరుకుతాయి. కాకపోతే వాల్వ్ పెట్టుకున్నవాళ్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ రంగు పరీక్ష చేసుకుని తీరాలి.

ఇక ఫిల్ వాల్వ్. ఇది కొనేటప్పుడు అందరూ కంపెనీ పేరు, ధర అడుగుతారు. నేనైతే ముందు ఏ అంతస్తు అని అడుగుతాను. మా మేడ మీద ట్యాంక్ పెద్ద ఎత్తులో లేదు. అది అడుగంటే వేళకి నాలుగో అంతస్తు ఫ్లష్‌కి పైన రెండున్నర మీటర్ల నీళ్లే ఉంటాయి. గ్రౌండ్ ఫ్లోర్‌కి సుమారు 15 మీటర్లు. పది మీటర్ల నీటి ఎత్తు చదరపు సెంటీమీటరుకి కిలో ప్రెషర్. బాల్ కాక్ నాజిల్ రంధ్రం 6 మిల్లీమీటర్లు ఉంటే పైన దాన్ని మూసి ఉంచడానికి 70 గ్రాముల బలం చాలు, కింద 420 గ్రాములు కావాలి. ఆ బలమంతా ఫ్లోట్ నీళ్లలో మునిగి, కడ్డీ ద్వారా ఇవ్వాలి. కింద గదుల్లో బాల్ కాక్ ఆగకుండా బుసకొడుతుండేది ఇందుకే. అందుకే బాల్ కాక్‌లో హై ప్రెషర్, లో ప్రెషర్ అని రెండు రకాలుంటాయి, హై ప్రెషర్ దానికి రంధ్రం చిన్నది.

కొత్త రకం నిలువు ఫిల్ వాల్వుల్లో ఈ సమస్యని తెలివిగా దాటారు. తలభాగంలో నాణెం అంత రబ్బరు డయాఫ్రం ఉంటుంది. దానిలోని సన్నటి రంధ్రం గుండా నీళ్లు వెనక అరలోకి వెళ్తాయి. ట్యాంక్ నిండి ఫ్లోట్ పైకి లేచినప్పుడు అది వెనక అర నుంచి బయటికి పోయే చిన్న దారిని మూసేస్తుంది. అప్పుడు రెండు వైపులా ఒకే ప్రెషర్, కానీ వెనక వైశాల్యం ఎక్కువ కాబట్టి డయాఫ్రం ముందుకి తోసుకుని నీళ్లు ఆపుతుంది. ఫ్లోట్ చేసేది ఆ చిన్న దారి మూయడమొక్కటే, మూసి ఉంచే బలం కుళాయి నీళ్లదే. అందుకే ఫ్లోట్ చిన్నదైనా సరిపోతుంది, ప్రెషర్ ఎక్కువున్న కింది అంతస్తులకి ఇది బంగారం. పై అంతస్తులో మాత్రం ఆ ప్రెషరే లేదు, కొన్ని రకాలు గట్టిగా మూసుకోలేక సన్నగా కారుతూ ఉంటాయి. అక్కడికి డబ్బా మీద తక్కువ ప్రెషర్‌కి పనికొస్తుందని రాసి ఉన్నది చూసి తీసుకోండి, లేదా నిశ్చింతగా పాత బాల్ కాకే వేయండి. మా నాలుగో అంతస్తులో అవే ఉన్నాయి.

డయాఫ్రంకి శత్రువు ఇసుక. ట్యాంకర్ నీళ్లు దింపిన మర్నాడే ఫిర్యాదులు వస్తాయి. డయాఫ్రంలోని రంధ్రం పూడితే వెనక ప్రెషర్ పెరగదు, నీళ్లు ఆగవు. బయటికి పోయే దారి పూడితే వాల్వ్ తెరుచుకోదు, ట్యాంక్ నిండదు. మార్చేముందు కడగండి. కాక్ కట్టి, వాల్వ్ తల మీది క్యాప్‌ని కాస్త నొక్కి తిప్పి తీయండి. డయాఫ్రం తీసి పక్కన పెట్టి, తెరిచిన చోట ఒక గ్లాసు బోర్లించి పట్టుకుని కాక్‌ని కొన్ని క్షణాలు తెరవండి. చెత్తంతా బయటికి వస్తుంది. గ్లాసు పెట్టకపోతే నీళ్లు పైకప్పుకి కొడతాయి. కనెక్షన్ పైపు బిగించే చోట చిన్న జల్లెడ కూడా ఉంటుంది, దాన్నీ లాగి కడగండి. కొందరు నీళ్లు త్వరగా నిండాలని ఆ జల్లెడ తీసి పారేస్తారు, అలా చేయొద్దు.

మళ్లీ బిగించాక నీటి మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకి రెండు సెంటీమీటర్లు కిందుండేలా ఫ్లోట్ మర తిప్పండి. నీళ్లు ఆదా అవుతాయని ఇంకా తగ్గిస్తే ఒక ఫ్లష్‌కి బదులు రెండు కొడతారు. ట్యాంక్‌లో ఇటుక వేసే అలవాటు కూడా మానేయాలి. అది నాని పొడి రాలితే ఆ పొడి నేరుగా ఇప్పుడు శుభ్రం చేసిన అంచు మీదే కూర్చుంటుంది. సగం ఫ్లష్ తక్కువనిపిస్తే టవర్ పక్కనున్న చిన్న ఫ్లోట్‌ని పైకో కిందికో ఒక గీత జరిపి చూడండి. గోడ లోపల దాచిన ట్యాంకులకీ ఇదే పద్ధతి. బటన్ ప్లేట్ ఊడదీస్తే కిటికీ కనిపిస్తుంది, భాగాలన్నీ దానిలోంచే బయటికి వస్తాయి, గోడ పగలగొట్టే పనిలేదు.

ఫిల్ వాల్వ్ పూర్తిగా మార్చాల్సి వస్తే ట్యాంక్ లోపలి వైపు రబ్బరు వాషర్, బయట ప్లాస్టిక్ నట్టు. నట్టు చేత్తో బిగిస్తేనే చాలా వరకు సరిపోతుంది, స్పానర్‌తో అర చుట్టు కంటే ఎక్కువ వద్దు. రబ్బరు వాషర్ ఉన్న చోట టేప్ చుట్టకండి, అది వాషర్‌ని సరిగ్గా కూర్చోనివ్వదు. కాక్ మెల్లగా తెరిచి, నిండాక రెండు మూడుసార్లు ఫ్లష్ చేయండి. మర్నాడు పొద్దున నట్టు కింద పొడి టిష్యూ పెట్టి తుడిచి చూడండి. తడి తగిలితే ఇంకో పావు చుట్టు బిగించండి, అంతకు మించొద్దు. పింగాణీ ట్యాంక్ అడుగు చిట్లిందంటే దానికి రిపేర్ లేదు.